ఏడు సెంటీమీటర్లు

కాఫీ గింజలు ఏరడంలో బేబిని మించినవాళ్ళు ఆ ఇంట్లో లేరని అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోతారు. జనవరి ఎండ వరండాలోకి వచ్చేసరికి ఆమె గోడకి చేరగిలబడి, చాట ఒళ్ళో పెట్టుకుని, నల్లబడినవి, పురుగు తొలిచినవి, విరిగినవి ఏరి పక్కన పోస్తూ ఉంటుంది. రెండెకరాల తోట మామగారిది. ఆయన పోయాక కామేష్‌ది. గింజల ధర గురించి మాట్లాడేటప్పుడు కామేష్ "మన కాఫీ" అంటాడు. ఏరాల్సి వచ్చినప్పుడు మాత్రం "నీ గింజలు అలాగే ఉన్నాయి" అంటాడు.

"నీ కళ్ళు మంచివే కోడలా," అంది లోపల మంచం మీంచి సోములమ్మ. తుంటి ఎముక విరిగి ఏడాదిగా అత్త ఆ మంచం దిగలేదు. "నా కొడుకు ఏరితే సగం రాళ్ళే ఉంటాయి."

ఆ మెచ్చుకోలు బేబికి కొత్త కాదు. పద్దెనిమిదేళ్ళ కిందట విశాఖపట్నంలో ఇంకొకాయన ఇంతకంటే మంచి భాషలో అదే మాట అన్నాడు. "ఆడవాళ్ళకుండే ఓపిక మగవాళ్ళకి రాదయ్యా. మా బేబిని చూడండి. పొద్దున్నే మైక్రోస్కోపు ముందు కూర్చుంటే సాయంత్రం దాకా తల ఎత్తదు." ఎవరో అతిథికి ప్రయోగశాల చూపిస్తూ అన్న మాట అది. "బేబి" అనేటప్పుడు ఆయన పెదవి చివర చిన్న నవ్వు కదిలేది. బడిలో అయ్యవారు రాసిన పేరు అది. పదో తరగతి సర్టిఫికెట్టులోనూ, ఎమ్మెస్సీ పట్టాలోనూ అదే. వంతాల బేబి, జియాలజీ, ప్రథమ శ్రేణి.

ఫోను మోగింది. కొత్త నంబరు.

"బేబి మేడమా అండీ? నా పేరు అనూష. వరహాలరావు సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ నోట్‌బుక్కులు నా దగ్గరున్నాయి మేడమ్."

బేబి చేతిలోని గింజ చాటలో పడింది.

ఆ ఓపిక మాట అన్నాయనే వరహాలరావు. విశాఖలో సముద్రగర్భ మట్టి మీద పరిశోధన చేసే ఒక చిన్న కేంద్రానికి అధిపతి. బంగాళాఖాతం మధ్యలో, మూడు కిలోమీటర్ల లోతున, ఓడ మీంచి గొట్టం దించి తీసిన ఐదున్నర మీటర్ల మట్టి కడ్డీ ఒకటి ఆయన చేతికి వచ్చింది. దాన్నే కోర్ అనేవాళ్ళు. ఆ ఓడలో వెళ్ళడానికి ముందు బేబి పేరే రాశారు. "నలభై రోజులు నీళ్ళ మీద, చుట్టూ మగాళ్ళే, అక్కడ నీకు ఇబ్బందమ్మా" అని వరహాలరావే కొట్టేశాడు. ఓడ వెళ్ళి వచ్చాక ఆ మట్టిని ఒక్కో సెంటీమీటరూ కోసి, పొట్లాలు కట్టి, పైనుంచి కిందికి నంబర్లు వేసి, నానబెట్టి, సన్న జల్లెడ మీద కడిగి, ఆరబెట్టి, అందులో మిగిలిన గుల్లల్ని తడిపిన కుంచె మొనతో ఒక్కొక్కటే ఎత్తి, జాతులవారీగా లెక్కపెట్టే పని మాత్రం ఇబ్బంది లేనిదని బేబికి ఇచ్చారు. ఇసుక రేణువు కంటే చిన్నవి ఆ గుల్లలు. ఒక్కో పొట్లంలో మూడు వందలు లెక్కపెట్టాలి. పొట్లాలు ఐదు వందల యాభై. ఆరేళ్ళు పట్టింది. పీహెచ్‌డీకి పేరు నమోదు చేయిస్తానని ఆయన ఏటా జూన్‌లో చెప్పేవాడు.

అయినా ఆ పని ఆమెకి ఇష్టం. ఆ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు. ముంచింగిపుట్టు దగ్గర తమ ఊరి కొండవాలు మీద వాన పడితే ఎర్రటి మట్టి గెడ్డలోకి దిగడం చిన్నప్పటినుంచీ చూసింది. ఆ వాగు మాచ్‌ఖండ్ నదిలో కలుస్తుంది, అది శబరిలో, శబరి గోదావరిలో, గోదావరి సముద్రంలో. ముతక ఇసుక ఒడ్డునే ఆగిపోతుంది. మెత్తటి మట్టి మాత్రం తేలుతూ తేలుతూ చాలా దూరం పోయి, అక్కడ మెల్లగా కిందికి దిగడం మొదలుపెడుతుంది. నీటి పైపొరల్లో బతికి చచ్చిన సూక్ష్మజీవుల గుల్లలు కూడా దానితోపాటే దిగుతాయి. వెలుగు చేరని చోట, అల తగలని చోట, ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. వెయ్యేళ్ళకి మూడున్నర సెంటీమీటర్లు. ఒక మనిషి పూర్తిగా బతికి పోయేసరికి అక్కడ ఒక బియ్యపుగింజ మందాన మట్టి చేరుతుందంతే. ఐదున్నర మీటర్లంటే లక్షన్నర ఏళ్ళు. ఏ పొరలో ఏ గుల్లలు ఎక్కువున్నాయో చూస్తే ఆ కాలంలో సముద్రం వెచ్చగా ఉందో చల్లగా ఉందో, వానలు గట్టిగా కురిశాయో లేదో తెలుస్తుంది. మైక్రోస్కోపు కంటద్దంలోకి చూస్తున్నంతసేపూ ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి అసిస్టెంటూ కాదు. ఒక గుల్ల ఎత్తేది, గళ్ళ పలక మీద పెట్టేది, మరో గుల్ల ఎత్తేది. అరవై వేల ఏళ్ళ కిందట కురిసిన వానని ఈ భూమ్మీద మొదట చూస్తున్నది తనేనని అప్పుడప్పుడు అనిపించి ఒళ్ళు జలదరించేది.

పరిశోధన పత్రం అచ్చయ్యేనాటికి ఆమె అక్కడ లేదు. కూతురు గంగ పుట్టాక మానేసింది. పత్రం మీద నాలుగు పేర్లున్నాయి. ఆమె పేరు చివరి పేజీలో, కోల్డ్ రూమ్ బాగుచేసిన మెకానిక్ పేరు తర్వాత, "సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు" అన్న చోట ఉంది. ఇంటిపేరు లేదు. ఉత్తి బేబి.

"మేడమ్, ఒక్క డౌటు," అంది అనూష ఫోనులో. "మీ నోట్‌బుక్కులో 212 నుంచి 218 దాకా ఏడు గడులు ఖాళీగా ఉన్నాయి. పక్కన ‘తర్వాత’ అని రాసి ఉంది. కానీ సార్ పత్రంలో ఆ ఏడింటికీ అంకెలున్నాయి. అవి ఇంకో పుస్తకంలో ఉన్నాయా?"

బేబి చాట ఒళ్ళోంచి దించి పక్కన పెట్టింది.

"ఎందుకడుగుతున్నానంటే, స్టోర్‌లో మీ పొట్లాలు దొరికాయి. ఆ ఏడూ విప్పనేలేదు. మీ చేతిరాత, సీలు అలాగే ఉన్నాయి. నేను విప్పి కడిగాను. పత్రంలో ఉన్న అంకెలకీ నాకు వచ్చినవాటికీ పోలికే లేదు. 218 దగ్గర ముతక ఇసుక ఉంది మేడమ్. పైకి వచ్చేకొద్దీ మెత్తన. పైగా లోతు సముద్రపు గుల్లలతో పాటు తీరం దగ్గర బతికే గుల్లలు, విరిగిపోయి..."

"జారింది," అంది బేబి. పన్నెండేళ్ళుగా మాట్లాడని భాష అది. నోట్లోకి దానంతటదే వచ్చింది. "తీరం అంచున వాలు మీద పేరుకున్న మట్టి జారి పడింది. భూకంపమో, బరువెక్కువయ్యో. మబ్బులా లేచి కిందికి పరిగెత్తి అక్కడ పరుచుకుంటుంది. ముతకది ముందు దిగుతుంది, మెత్తనిది తర్వాత."

"నేనూ అదే అనుకున్నాను! అయితే ఆ ఏడు సెంటీమీటర్లూ రెండు వేల ఏళ్ళు కాదు కదా మేడమ్?"

"కాదు. ఒక్క పూట."

ఒక్క పూటలో పడినదాన్ని రెండు వేల ఏళ్ళుగా లెక్కకట్టారు కాబట్టి, దాని కిందున్న పొరలన్నిటికీ పత్రంలో వేసిన వయసులు తప్పు. ఈ మాట అనూష చాలా మెల్లగా చెప్పింది. సార్‌కి చెబితే కోప్పడ్డాడట. అవి అదనపు పొట్లాలనీ, అసలువి బేబి అప్పుడే లెక్కపెట్టిందనీ అన్నాడట. "నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే మేడమ్," అంది ఆ పిల్ల.

"రెండ్రోజులు ఆగమ్మా," అని బేబి ఫోను పెట్టేసింది. ఆ తర్వాత చాటలో ఏవి మంచి గింజలో ఏవి కావో ఆమెకి తెలియలేదు.

ఆ ఏడు గడులు ఖాళీగా మిగిలిన వారం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదనడం కంటే, ఎవరూ వినడానికి కూర్చోలేదనడం నిజం. 2010, జూలై చివర. ఐదో నెల నిండింది. వాన. వారం వారం లాగే సోమవారం అరకులో రైలెక్కి విశాఖకి దిగింది. రైలు ఎక్కేముందు వారానికి సరిపడా పిండి విసిరి, అత్త చీరలు ఉతికి ఆరేసి, కామేష్ చొక్కాలు మడతపెట్టి వచ్చింది. మంగళవారం సాయంత్రానికి 211 అయిపోయింది. బుధవారం పొద్దున 212 పొట్లం తీసి పక్కన పెట్టుకుని, జల్లెడలు కడగడానికి సింకు దగ్గర నిలబడితే నడుములో నొప్పి లేచింది. కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. వరహాలరావు అటుగా వచ్చి, "ఏం, ఒంట్లో బాగాలేదా? సోమవారానికి 220 దాకా కావాలి మనకి, ఢిల్లీ పంపాలి" అన్నాడు. అలాగేనండి అంది. అలాగేనండి అన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి తన మీదే ఒళ్ళు మండుతుంది. కాళ్ళ మధ్య తడి తగిలాక ఒక్కతే ఆటో ఎక్కింది. ఆసుపత్రిలో సంతకం పెట్టేవాళ్ళు లేక గంటసేపు బల్ల మీద పడుకోబెట్టారు. చివరికి తన కాగితం మీద తనే సంతకం పెట్టింది. సాయంత్రానికి అంతా అయిపోయింది. పచ్చ గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళిపోతుంటే, "ఒక్కసారి" అంది. నర్సు వినిపించుకోలేదో, చూపించకూడదనుకుందో. తలుపు దాటేముందు మాత్రం వెనక్కి తిరిగి, "ఆడపిల్లమ్మా" అని చెప్పి వెళ్ళింది.

కామేష్ మర్నాడు వచ్చాడు. మందులు కొన్నాడు, బన్ను తెచ్చాడు, మంచం పక్కన నిలబడి కిటికీలోంచి చూశాడు. "పోనీలే. ఇంకోటి పుడతాది" అన్నాడు. చెడ్డవాడై అనలేదు, అంతకంటే ఏమనాలో ఎవరూ అతనికి నేర్పలేదు. ఇంటికి తీసుకొచ్చాక గుమ్మంలోనే సోములమ్మ అంది: "ఆ సముద్దరం బురద కడిగి కడిగి కడుపు కూడా కడిగేసుకున్నాది." ఇరుగుపొరుగు విన్నారు. కామేష్ విన్నాడు, చెప్పులు విప్పుకుంటూ.

తొమ్మిదో రోజున ఆమె మళ్ళీ పనికి వెళ్ళింది. బల్ల మీద 219 సిద్ధంగా ఉంది. "ఆ ఏడూ తర్వాత చూద్దాం, ముందు కిందికి పద" అన్నాడు వరహాలరావు. నోట్‌బుక్కులో "తర్వాత" అని రాసింది తనే. రెండేళ్ళకి గంగ కడుపున పడ్డప్పుడు ఆసుపత్రి కార్డు రాస్తున్న నర్సు, "ఎన్నో కాన్పు?" అంది. బేబి నోరు తెరిచేలోపు కామేష్, "మొదటిది" అన్నాడు. నర్సు ఒకటి వేసింది.

అనూష ఫోను చేసిన రెండో రోజు, బుధవారం పొద్దున్న, వరహాలరావే ఫోను చేశాడు. పన్నెండేళ్ళ తర్వాత విన్నా ఆ గొంతులో ముసలితనం తప్ప మార్పేమీ లేదు.

"బాగున్నావా తల్లీ? పాప ఏం చదువుతోంది?"

"ఏడో తరగతి సార్. హాస్టల్లో ఉంది."

"అరకులో ఉంచి ఏం చదివిస్తావు? ఎనిమిదికి వైజాగ్ పంపించు. నా స్నేహితుడి స్కూలుంది, సీటు నేను మాట్లాడతాను. ఇంకో సంగతి. ఆ అమ్మాయి నీకు ఫోన్ చేసిందట కదా. చిన్నపిల్ల, తొందర ఎక్కువ. నువ్వొక ఉత్తరం రాసి పంపు చాలు. ఆ ఏడు శాంపిల్సూ నువ్వే లెక్కపెట్టావనీ, ఆ పుస్తకం పోయిందనీ. పత్రం మళ్ళీ సవరించి వేస్తున్నాం. ఈసారి నీ పేరు రెండోది ఉంటుంది. పూర్తి పేరు."

"నేను లెక్కపెట్టలేదు సార్."

"నీకు గుర్తులేదమ్మా. పదిహేనేళ్ళయింది."

"ఆ వారం నేను ఆసుపత్రిలో ఉన్నాను సార్."

"ఏమైంది? జ్వరమా?" అన్నాడు. ఆయనకి నిజంగానే తెలియదు. ఎనిమిది రోజులు రాని మనిషిని ఎందుకు రాలేదని ఆయన ఎప్పుడూ అడగలేదు. "సరేలే, జ్వరం తగ్గాక లెక్కపెట్టి ఉంటావు. ఈ శుక్రవారంలోగా పంపు."

కామేష్‌కి చెబితే, టీ గ్లాసు దించకుండానే, "రాసీ. ఏటి పోద్ది నీది?" అన్నాడు. అతను అటవీ శాఖ కార్యాలయంలో గుమాస్తా. కాగితం మీద లేనిదాన్ని కాగితం మీదికి తేవడం అతనికి పెద్ద పాపంలా కనిపించదు. "గంగ గుంటకి సీటొత్తాది. నీ పేరూ అచ్చులో పడతాది. ఇన్నేళ్ళూ పేరు లేదని ఏడిసావు కదా. సముద్రం అడుగున ఏడు సెంటీమీటర్ల బురద ఎలా పోతే నీకేటి, నాకేటి?"

ఆ మాటకి జవాబు ఆమె రెండు రోజులు వెతుక్కుంది. అత్తకి పక్క మారుస్తూ, వీపు తుడుస్తూ, బేసిన్ కడుగుతూ, చోడి అంబలి కాస్తూ వెతుక్కుంది. గంగ చురుకైన పిల్ల. విశాఖలో మంచి బడి అంటే చిన్న సంగతి కాదు. తన చదువు కోసం తన అమ్మ తనని ఎన్ని కొండలు దింపి తీసుకెళ్ళిందో బేబికి తెలుసు. ఒక్క కాగితం. నలుగురు రాసుకున్న అబద్ధానికి ఐదో సంతకం. కలం తీసుకుని, "212 నుంచి 218 వరకు నమూనాలను జూలై చివరి వారంలో నేను లెక్కించాను" అని రాసింది కూడా. రాసి చదువుకుంది. ఆ వారంలో ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉందని ఆ వాక్యం చెబుతోంది. కూర్చుని ఉంటే ఆసుపత్రి బల్ల మీద పడుకున్నది ఎవరు? పచ్చ గుడ్డలో వెళ్ళినది ఎవరు? ఆ పిల్ల ఉన్నట్టు ఈ లోకంలో ఎక్కడా గుర్తు లేదు. పేరు లేదు, మట్టి లేదు, ఆసుపత్రి కార్డులో అంకె లేదు. ఉన్నదల్లా ఆ ఏడు ఖాళీ గడులే. వాటిని కూడా తన చేత్తో నింపమంటున్నారు.

ఆ కాగితం చింపేసింది. ఇంకో కాగితం మీద వేరే ఉత్తరం రాసింది.

శుక్రవారం పొద్దున కామేష్ ఆఫీసుకి బయల్దేరుతూ, "రాసేసావా? ఇటీ, ఫొటో తీసి బేగి పంపేత్తాను," అని చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది. అతను ఫోను పైకెత్తి, కాగితం సరిచేస్తూ, మామూలుగా పైకి చదవడం మొదలుపెట్టాడు.

"212 నుంచి 218 వరకు ఉన్న ఏడు నమూనాలను నేను లెక్కించలేదు. ఆ ఖాళీలను నేను నింపలేదు. ఆ వారం నేను ఆసుపత్రిలో ఉన్నాను. నా మొదటి కూతురు ఆ బుధవారం చనిపోయి పుట్టింది. ఆ నమూనాలను ఇప్పుడు అనూష లెక్కించింది. ఆమె అంకెలే సరైనవి."

ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"కూతురా?" అన్నాడు.

ఆమె తలూపింది.

"ఎవులు సెప్పారు?"

"నర్సు."

"నాకెందుకు సెప్పనేదు నువ్వు?"

"నువ్వడగలేదు."

అతను గుమ్మం దగ్గర ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. బస్సు హారను వేసుకుంటూ రోడ్డు మీద వెళ్ళిపోయింది. అతను లేవలేదు. సీటు మాట ఎత్తుతాడేమోనని ఆమె చూసింది. ఎత్తలేదు. కాగితం మళ్ళీ మొదటినుంచి చదివాడు. పెదవులు కదులుతున్నాయి.

"ఒలే కోడలా," అని పిలిచింది లోపలినుంచి సోములమ్మ. "ఇటు రా."

బేసిన్ కోసమేమో అనుకుని బేబి లోపలికి వెళ్ళింది. అత్త గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"నాకు ముగ్గురు పోనారు," అంది ముసలామె. "నీ మొగుడికి ముందు ఇద్దరు, ఎనక ఒకటి. పొలంలో ఒకడు. కర్రలు మోసి దిగుతుంటే దారిలో ఇంకొకడు. ఆకర్న ఒక గుంట, రెండు దినాలు బతికినాది. మా అత్త నన్నేటన్నాదో ఎరుకేనా? కొండనిండా తిరిగి ఏ దయ్యాన్ని తొక్కినావో అన్నాది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వొచ్చినప్పుడు నాను కూడా అలాగే అన్నాను. నాకు ఇంకో మాట రానేదు."

బేబి మంచం పట్టె మీద కూర్చుంది. ఆ గుమ్మంలో విన్న మాటని ఇన్నేళ్ళూ ఆమె ఎక్కడా పారెయ్యలేదు. ఇప్పుడు కూడా పొమ్మంటే అది పోలేదు. కానీ గోడ వైపు తిరిగిన ఆ వీపుని రోజూ తుడిచే చెయ్యి దానంతటదే వెళ్ళి దాని మీద ఆనింది.

"పేర్లు పెట్టారా అత్తా?"

"ఎవులు పెడతారు పోయినోళ్ళకి? నానే మనసులో పిలుసుకున్నాను. శుక్రవారం వోడు సుక్రు. సోమవారం వోడు సోంబరు. గుంట మంగళవారం పుట్టినాది, మంగ్లి. ఏ వారం పుడితే ఆ పేరే కదా మనకి." ముసలామె మెడ కష్టంగా ఇటు తిప్పింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "నీ గుంట ఏ వారమన్నాడు ఆడు సదువుతుంటే?"

"బుధవారం."

"అయితే అది బుద్రి," అంది సోములమ్మ, అందులో ఆలోచించడానికేమీ లేనట్టు.

బేబి లేచి వరండాలోకి వచ్చి, కామేష్ చేతిలోంచి కాగితం తీసుకుని, "నా మొదటి కూతురు" అని ఉన్న చోట, ఆ మాట తర్వాత కొంచెం ఖాళీలో, బుద్రి అని రాసింది. సిరా ఆరిందో లేదో వేలితో తాకి చూసింది.

"ఇప్పుడు పంపు," అంది.